బోర్డు చెప్పిన దారి

"ఫోన్లు ఇంట్లో పడేసి, ఎప్పుడూ చూడని ఇంటికి సైకిళ్ళ మీదా?" గుమ్మంలోనే నిలదీసింది భార్య.

"దారి బోర్డులున్నది ఎందుకు? వాటిని చూసుకుంటూ తీరిగ్గా తొక్కుకుంటూ పోదాం. సైకిలెక్కితే నేను ఫోను ముట్టనని నీకు తెలుసుగా."

"దారి తప్పితే?"

"తప్పితే ఆ తప్పు బోర్డుది. నాది కాదు."

ఆ మాట అంటూ ఆయన మీసాల్లోనే నవ్వుకున్నాడు.

వెళ్ళాల్సింది పాత మిల్లు వెనక, ఆమె బాబాయి కొత్తగా మారిన ఇంటికి. బాబాయి మంచివాడే. కాకపోతే రిటైరయ్యాక గడియారాలు బాగుచెయ్యడం నేర్చుకున్నాడు. దొరికినవాణ్ణి కూర్చోబెట్టి, గడియారం విప్పి, ప్రతి పళ్ళచక్రం పనీ వివరించి, మళ్ళీ బిగించేదాకా వదలడు. బంగారంలాంటి ఆదివారాన్ని ఆ చక్రాల పాలు చెయ్యడం అల్లుడికి ఎంతమాత్రం ఇష్టం లేదు. అందుకే నిన్న సాయంత్రం, రెండు దారులు చీలే చోటికి వెళ్ళి, వదులుగా ఉన్న బోర్డు స్తంభాన్ని సగం చుట్టు తిప్పి వచ్చాడు. కుడికి ఉండాల్సిన 'పాత మిల్లు' ఎడమకి వెళ్ళింది, ఎడమనున్న 'చెరువు' కుడికి వచ్చింది. ఇక బోర్డును నమ్మి ఎడమకి తిరిగితే చల్లటి చెరువు గట్టే.

"ఇంకో మాట," సైకిలెక్కుతూ అంది భార్య. "అక్కడ మీ బోర్డుల పురాణం విప్పకండి. పోయినసారి ఏ మలుపులో ఏం రాసుందో పూసగుచ్చినట్టు చెప్తుంటే పిన్ని కూర్చున్నచోటే నిద్రపోయింది."

"ఆవిడ అలిసిపోయి ఉంటారు."

చీలిక దగ్గరికి రాగానే ఆయన ఠక్కున బ్రేకు నొక్కాడు. 'పాత మిల్లు' బాణం కుడివైపే చూస్తోంది.

"ఇదిగో, కుడికి," అంది భార్య.

"ఉండు. ఈ స్తంభం వదులుగా ఉన్నట్టుంది. ఎందుకైనా మంచిది, ఫోన్లో ఒకసారి..."

"నా ఫోను కూడా ఇంట్లో పెట్టించారుగా."

"పోనీ ఎవర్నైనా అడుగుదాం."

"బోర్డు ఉండగా మనుషుల్ని అడగడమేంటి అనేది మీరే కదూ?"

కుక్కిన పేనులా కుడికి తిరిగాడు. తిప్పింది తన చేతులతోనే, మరి ఇదెలా జరిగిందో ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతుపట్టలేదు. చెరువు వైపు వెనక్కి వెనక్కి చూసుకుంటూ తొక్కాడు.

బాబాయే తలుపు తీశాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"వచ్చే... వచ్చేశారా అల్లుడుగారూ? దారి తెలిసిందా?"

"బోర్డు చూసుకునే వచ్చాం మామయ్యగారూ," అన్నాడు అల్లుడు నీరసంగా.

అంతలో వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపించింది.

"ఎవరండీ వచ్చింది? అల్లుడు కాదు కదా? పొద్దున్నే వెళ్ళి ఆ బోర్డు తిప్పేసి వచ్చానన్నారని, నేనింకా పొయ్యి కూడా వెలిగించలేదు."