సెలవు డ్యూటీ

ఆమెను చంపింది మీరే. సంసారాలున్నాయంటూ మీ సెలవు డ్యూటీలన్నీ ఆ పెళ్లికాని మనిషి నెత్తిన రుద్దారు.

"నీకేం తల్లీ, ఇంటికెళ్లినా గోడలతో కబుర్లేగా!" అన్నాడు సూపర్‌వైజరు.

"గోడలు నయం సార్, వంకలు పెట్టి సెలవడగవు" అని నవ్వి, ఆమె ఒక్కతే కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లింది. వెనక తలుపు మూసుకుపోయింది. లోపల్నుంచి తలుపు తెరిచే గడియ ఎప్పుడో విరిగింది.

సెలవులయ్యాకే తెరిచారు. "ఇంట్లోవాళ్లెవరైనా ఫోన్ చేసుంటే వెతికేవాళ్లం కదా" అని గొణిగాడు సూపర్‌వైజరు.

ఇవాళ మళ్లీ సెలవు. ఆమె డ్యూటీ నాకు వేశారు. నాకూ పెళ్లి కాలేదు. అదే తలుపు ముందు నిలబడి అడుగుతున్నాను:

గడియ బాగుచేయించండి.

లోపలికి ఇద్దరిని పంపండి.

సెలవు డ్యూటీ అందరికీ వంతులవారీగా వేయండి.

సాయంత్రం నేను బయటికి రాకపోతే, మీరే వచ్చి తలుపు తీయండి.