కరెంటు వచ్చేలోపు

లిఫ్టు తలుపు వేయబోతుంటే ఒక ముసలాయన చెయ్యి అడ్డం పెట్టి లోపలికి వచ్చాడు.

నవనీత పక్కకు జరిగింది. కరీంనగర్‌లోని ఆ పాత కాంప్లెక్సులో నాలుగో అంతస్తులో ఆమె ఆఫీసు. ఇంటికి పోయి అన్నం తిని స్కూటీ మీద అప్పుడే తిరిగివచ్చింది. దుమ్ముకని మెడకు రెండు చుట్లు చుట్టుకున్న చున్నీ ఇంకా విప్పలేదు.

ముసలాయన కదిలితే జేబుల్లో ఇనుము గలగలమంది.

"ఏం కాకా, జేబుల ఇనుప దుకాణం పెట్టినవా?" నవ్వింది.

"చాకు, టార్చిలైటు, స్క్రూడ్రైవరు బిడ్డా. ఎటు పోయినా ఎంబడి ఉండాలె."

"గిప్పుడు అందరి ఫోన్లల్ల లైటున్నది. గీ బరువెందుకు?"

ఆయన జేబు సర్దుకున్నాడు. కళ్ల డాక్టరు ఏ అంతస్తులో ఉంటాడని మాత్రం అడిగాడు.

బయటి గ్రిల్లు, లోపలి గ్రిల్లు రెండూ నవనీతే లాగింది. చున్నీ కొస బయటి గ్రిల్లులో ఇరుక్కున్నది చూసుకోలేదు.

లిఫ్టు పైకి లేచింది.

చున్నీ బిగిసింది.

అరవబోతే గొంతు రాలేదు. మోకాళ్ల మీద పడింది. ఇంకా కిందికి లాగుతూనే ఉంది. చెంప నేలకు తాకింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

రెండు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది. ఎదుట గోడ. కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి. ఫోనున్న సంచి ఎటు పడిందో తెలియదు. చున్నీ కిందికి గోరు కూడా దూరడం లేదు.

టిక్కుమని వెలుతురు పడింది.

ఆ వెలుతురులో నవనీతకు ముందు కనిపించింది చాకు. ప్రాణభయంతో కాళ్లు విసిరి తన్నింది.

"తన్నకు బిడ్డా! కరెంటొస్తే లిఫ్టు మల్ల పైకి లేస్తది. గంతల చున్నీ కోయాలె."

ఆమె కాళ్లు ఆగిపోయాయి.

మెడకూ గ్రిల్లుకూ మధ్య నాలుగు వేళ్ల మేర చున్నీ మిగిలింది. చాకు జారితే నేరుగా ఆమె దవడ మీదికే. ఆయన టార్చిని పక్కపళ్ల మధ్య కరచుకుని, తన ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి కోశాడు.

చున్నీ తెగింది. అరచెయ్యీ తెగింది.

నవనీత దగ్గుతూ, ఏడుస్తూ గాలి పీల్చుకుంది. నిండా రెండు నిమిషాలు కాలేదు, కరెంటు ఒక్క క్షణం వచ్చి పోయింది. లిఫ్టు గజమెత్తు ఎగిరి మళ్లీ ఆగింది. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

కింది నుంచి ఎవరో "కరెంటు రాంగనే వస్తది, జర ఓపిక పట్టుండ్రి" అని అరిచారు.

పావుగంట గడిచింది.

"ఊపిరాడుతలేదు కాకా. గోడలు మీదికి అస్తున్నట్టున్నది."

"లైటు దిక్కు చూడు. ఏమన్న ముచ్చట పెట్టు."

"నువ్వే చెప్పు. గివన్ని రోజూ ఎందుకు మోస్తవు?"

ఆయన నెత్తురుకు తడిసిన రుమాలును చేతికి మళ్లీ బిగించి కట్టుకున్నాడు.

"బొగ్గు బాయిల పని చేసేటోన్ని. మల్లన్న అంటరు. ఒకపాలి మా పనికాడికి నీళ్లచ్చినయి. నా దోస్తు కాలు పంపు గుంజే నైలాన్ తాడుల చిక్కింది. ముడి పడ్డది. నా జేబుల తంబాకు పొట్లం తప్ప ఏం లేదు."

"మరి?"

"పండ్లతోని కొరికిన. ముందటి పండ్లు ఊడినయి గని తాడు తెగలే. నీళ్లు గొంతుకాడికచ్చినయి. 'ఇగ నువ్వు పోరా' అని వాడే నన్ను నూకిండు."

నవనీత ఆయన వైపు జరిగి కూర్చుంది.

"మా బాపు సుత బాయిలనే పోయిండు కాకా. నాకప్పుడు రెండేండ్లు."

"ఏ ఊరు బిడ్డా?"

"మందమర్రి. బాపు పేరు కొండల్. నీకెరుకనా?"

టార్చి ఆరిపోయింది. బ్యాటరీ మిగలాలని ఆర్పాడేమో అనుకుంది. చీకట్లో ఆయన ఊపిరి మాత్రం వినిపించింది.

ఇంకో పావుగంటకు కరెంటు వచ్చింది. లిఫ్టు రెండో అంతస్తులో ఆగింది. జనం మూగి గ్రిల్లు లాగారు.

"ముందుగాల పిల్లను దింపుండ్రి" అన్నాడాయన.

ఎవరో మంచినీళ్లిచ్చారు. రెండు గుక్కలు తాగి నవనీత వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు. కళ్ల డాక్టరు దగ్గరికీ పోలేదట. మెట్లు దిగి వెళ్లిపోయాడని లిఫ్టు దగ్గరి మనిషి చెప్పాడు.

సాయంత్రం తల్లి బుచ్చవ్వ ఆమె మెడకు కొబ్బరినూనె రాస్తూ అంతా విన్నది. మల్లన్న అనే పేరు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పండ్లతోని కొరికిండటనా?" నెమ్మదిగా అడిగింది.

"అవునవ్వా. గాయిన బాపు దోస్తేనా?"

బుచ్చవ్వ గోడకు చేరగిలబడింది.

"మీ బాపు దినాల నాడు గడపల నిలబడి 'ఒక్క మాట ఇను వదినె' అన్న మల్లన్నను, 'నా మొగన్ని నీళ్లల్ల ఇడిసిపెట్టి ఉరికచ్చినోడా' అని కాలనీ అంత ఇనేటట్టు తిట్టి తలుపేసింది నేనే బిడ్డా."