మూడో బ్యాండు

రాత్రి ల్యాబులో ఆమె ఒక్కతే మిగిలింది. ఫోన్ టవర్లలో అమర్చే, మూడు ఫ్రీక్వెన్సీ బ్యాండ్ల యాంప్లిఫయర్ బల్ల మీద ఉంది. రెండు బ్యాండ్లలో పవర్ ఆమె లెక్కకు సరిగ్గా సరిపోయింది. మూడోదానిలో మాత్రం రెండింతలు వస్తోంది. అంత మంచి రీడింగును ఆమె నమ్మలేదు. తన కింద పనిచేసే జూనియర్ మీటరును ఏదో కెలికాడనుకుంది. తప్పుడు రీడింగు మీద పొద్దున సంతకం పెడితే ఊడేది తన ఉద్యోగమే. అతనికి ఫోన్ చేసింది.

"మీటరు జోలికి పోయావా?"

"లేదక్కా."

"నా దగ్గర నాటకాలొద్దు. మూడో బ్యాండు సంగతేంటి?"

అతను గొంతు తగ్గించాడు.

"తిడతారని చెప్పలేదక్కా. ఆ బ్యాండులో పవర్ పెంచే ట్రాన్సిస్టర్ సోమవారమే కాలిపోయింది. ఊడదీసి మూత పెట్టేశా. కొత్తది ఇంకా బిగించలేదు."

"మరి పవర్ ఎలా వస్తోంది?"

"రాదుగా. సున్నా చూసి మీరే అరుస్తారని నాలుగు రోజులుగా బిక్కుబిక్కుమంటున్నా."

అబద్ధమనుకుంటూనే ఆమె మూత మరలు విప్పింది. ట్రాన్సిస్టర్ ఉండాల్సిన చోట ఖాళీ, చుట్టూ మసి. కరెంటు వైరు పీకేసింది. యాంప్లిఫయర్ ఫ్యాను ఆగి గది నిశ్శబ్దమైపోయింది. వేరే ప్లగ్గు మీదున్న మీటరులో మూడో బ్యాండు అంకె మాత్రం నెమ్మదిగా పెరుగుతోంది.

"మూత తీశారా? ఇప్పుడు నమ్ముతారా అక్కా?" ఫోన్లో అతను అడిగాడు.

ఆమె ఆ ఖాళీ చోట వేలు ఆనించింది.

వెచ్చగా ఉంది.