రేడియేటర్ పక్కన పాట

విడవలూరులో పెళ్లిచూపులకు రానని అమ్మ మొహం మీదే చెప్పి, ఇందుకూరుపేటలోని నా మెకానిక్ షెడ్డుకు వచ్చేశాను. ఆడపిల్లను సరుకులా కూర్చోబెట్టి పరీక్షించే ఆచారాన్ని కూల్చాలని కరపత్రాల్లో చదివినవాణ్ణి, నేనే వెళ్లి ఆ చాప మీద కూర్చుంటానా!

అంతలో టూరిస్టులను తిప్పే క్యారవాన్ ఒకటి ఆవిర్లు కక్కుతూ వచ్చి ఆగింది. నడుపుతున్నది ఓ అమ్మాయి. రేడియేటర్ ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు ముక్కలైపోయింది.

“కొత్తది నెల్లూరులో గూడా దొరకదు మేడమ్. రొయ్యల గుంటల కాడి డ్రమ్ము కోసి చేస్తా.”

“చెయ్యి. చూస్తా ఉంటా.”

నీలం డ్రమ్ము కోస్తూ పెళ్లిచూపులను దుమ్మెత్తిపోశాను. ఆమె పకపకా నవ్వేసరికి ఇంకా ఊపొచ్చింది.

“అంత మాట్లాడతా ఉండావే, వంట వచ్చా నీకు?”

“నేను చేపల పులుసు పెడితే మా వీధంతా గిన్నెలు పట్టుకోని వస్తారు!”

“పాట?”

రెంచీతో తాళం వేస్తూ ఉద్యమగీతం ఎత్తుకున్నాను.

“ఆ స్క్రూల డబ్బా దాకా నడిచిపోయి తీసుకురా.”

గంతులేస్తూ వెళ్లి తెచ్చాను. తొడుగు బిగించి ఇంజన్ వేస్తే, ఫ్యాను ఎక్కడా తగలకుండా గిర్రున తిరిగింది. ఇద్దరం కేకలు పెట్టాం.

“ఇంతకీ మీదేవూరు మేడమ్?”

“విడవలూరే. రేవతిని. నువ్వు చూపులకు రానన్నావంట గదా, నేనే వచ్చినా.”

వంట, పాట, నడక. అన్నీ అయిపోయాయని అప్పుడు అర్థమైంది. ఒళ్లంతా గ్రీజు, తలైనా దువ్వుకోలేదు.

“మరి... నచ్చినానా?”

రేవతి స్టీరింగ్ ముందు కూర్చుని, పెద్దమనిషిలా గొంతు సవరించుకుంది.

“ఇంటికి పోయి ఏ సంగతీ కబురు చేస్తాం.”