పడవ సినిమాకి నాలుగో ర్యాంకా?

“పడవ సినిమాకి నాలుగో ర్యాంకా? ఈ ర్యాంకులిచ్చినాయన ఒక్కసారైనా హాల్లో కూర్చున్నాడా అని అడుగుతున్నా!”

మూల సీటు మేడం వారపత్రికని టికెట్ల కిటికీలోంచి లోపలికి తోసింది. హాలు యజమాని కళ్ళజోడు సర్దుకుని చూశాడు. పాత సినిమాలన్నిటినీ ప్రేమకథలు, హాస్యం, సస్పెన్స్, యుద్ధం అంటూ విడదీసి, వేటికవే ర్యాంకులు వేశారు. పత్రిక ఇంకా బజారులోకే రాలేదు. ఈవిడ చేతికి మాత్రం ఎప్పుడూ ముందే వచ్చేస్తుంది. వేళ్ళ మీద సిరా మరకలు కూడా ఉంటాయి. ఎవరో రచయిత్రి అయి ఉంటుందని, అడిగితే బాగుండదని ఆయన మర్యాదగా ఊరుకున్నాడు.

అసలు ఆ హాలుకి అభిమాని అంటూ మిగిలింది ఈవిడొక్కతే. మిగతావాళ్ళు వానొస్తే వస్తారు, వెలిస్తే పోతారు. ఈవిడ అలా కాదు. రోజూ పొద్దున్నే మొదటి ఆట, వెనక వరుసలో గోడ పక్క సీటు, భుజాన శాలువా. వేసిన సినిమానే మళ్ళీ వేసినా కిమ్మనదు. ఆట అయ్యాక ఎర్రబడ్డ కళ్ళతో బయటికొస్తుంది. పాపం, ఎంతగా ఏడ్చిందోనని యజమానికి కడుపు నిండిపోయేది.

ఓసారి ఆపరేటర్ పొరపాటున రెండో సగం ముందు వేసేసి, మొదటి సగం తర్వాత వేశాడు. జనం కుర్చీలు ఎత్తినంత పని చేశారు. ఈవిడ మాత్రం “ఇవాళ ఇంకా బాగుందండీ” అని వెళ్ళిపోయింది. అభిరుచి అంటే అదీ అని యజమాని మురిసిపోయాడు. ఆ ముక్క భార్యకి ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆవిడ చివరికి వంటింటి తలుపు వేసుకుంది.

ఆ మురిపెం కూడా ఎన్నాళ్ళో తెలీదు. హాలు మామగారిది. పోతూపోతూ కూతురికి సగం, కొడుక్కి సగం రాసిపోయాడు. ఆ కొడుకు, అంటే ఈయన బావమరిది, వారం నుంచి టేపు పట్టుకుని హాలంతా కొలుస్తున్నాడు. అతనిది పరుపుల వ్యాపారం.

“ఇక్కడ పరుపుల షోరూం పెడితే జనం ఎగబడతారు బావా. నీ పాత సినిమాలు ఎవడిక్కావాలి?”

“ఇష్టపడేవాళ్ళున్నార్రా.”

“ఒక్కరంటే ఒక్కర్ని చూపించు. మొహమాటానికి తలూపే మనిషి కాదు, సొంత బుర్రతో మాట్లాడే మనిషి. చూపిస్తే నా పరుపులు ఇంకోచోట పరుచుకుంటా. మళ్ళీ ఈ మాటెత్తను.”

అందుకే ఇవాళ మేడం కోపం చూడగానే యజమానికి ప్రాణం లేచొచ్చింది. ఆవిణ్ణి ఆఫీసు గదిలో కూర్చోబెట్టి బావమరిదిని కేకేశాడు.

“ఆ ర్యాంకుల సంగతేదో మావాడికి చెప్పండమ్మా.”

“తొందరగా అడగండి బాబూ, ఆట టైమవుతోంది” అంది మేడం శాలువా సర్దుకుంటూ. ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోదు చూశావా అన్నట్టు యజమాని కళ్ళెగరేశాడు.

బావమరిది పత్రిక అందుకున్నాడు. “సస్పెన్స్‌లో హంతకుడి సినిమాకి మొదటి ర్యాంకిచ్చారు. మీరేమంటారు?”

“చివరి ర్యాంకు కూడా దండగే. మాటిమాటికీ ఆ కేకలేంటి, ఆ తలుపులు బాదడమేంటి! మనిషిని కుదురుగా ఉండనివ్వదు.”

“యుద్ధం సినిమా?”

“ఆ ఫిరంగులొక్కటీ లేకపోతే వంక పెట్టడానికి లేదు. ఎంత పెద్ద సినిమా! అంత తీరిగ్గా ఇప్పుడెవరు తీస్తున్నారు?”

“మరి హాస్యం?”

“సినిమాల్ని అనను. జనాన్నే అనాలి. ఒకటే ఇకిలింపులు. నవ్వొస్తే మనసులో నవ్వుకోవాలి గానీ పక్కవాళ్ళ ప్రాణం తియ్యకూడదు కదా!”

“విన్నావా? కళ కోసం వచ్చే మనిషి అంటే అలా ఉంటుంది” అన్నాడు యజమాని, ఉండబట్టలేక.

బావమరిది అంత తేలిగ్గా లొంగే రకం కాదు. “పడవ సినిమా నేనూ చూశానమ్మా. ఇద్దరు పడవలో కూర్చుంటారు. గంటకో మాట మాట్లాడుకుంటారు. దానికి నాలుగో ర్యాంకు చాలదా?”

మేడం మొహం వెలిగిపోయింది. “అదే కదా బాబూ దాని గొప్పతనం! నీళ్ళ చప్పుడు, తెడ్ల చప్పుడు, అంతే. మా ఇంట్లో నలుగురు పిల్లలు. పక్క షెడ్డులో కట్టెకోత మిషను. నాకంటూ కాస్త ప్రశాంతత దొరికేది ఆ చీకట్లో, ఆ కుర్చీలోనే. ఈ హాలు కూడా మూసేస్తే నేనెక్కడికి పోనూ?”

ఆ చివరి మాట వింటే చాలు, అబద్ధమాడే మనిషి కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. బావమరిది చేతిలోని టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“పరుపులమ్ముకునేవాణ్ణి, ఇంత అభిమానం ముందు నేనేం మాట్లాడతాను? హాలు నడుపుకో బావా” అని వెళ్ళిపోయాడు.

యజమానికి కాళ్ళు నేల మీద నిలవలేదు. టార్చిలైటు తనే పట్టుకుని మేడంని మూల సీటు దాకా తీసుకెళ్ళాడు.

“మీ రుణం తీర్చుకోలేనమ్మా. ఇవాళ వెయ్యాల్సిన సినిమా ఆపించేసి, మీకోసం పడవ సినిమానే వేయిస్తున్నా. అందులో మీకు ప్రాణమైన సీనేదో చెప్పండి. బయట బోర్డు మీద ఆ బొమ్మే గీయిస్తాను.”

మేడం చెప్పులు విప్పి కాళ్ళు పైకి ముడుచుకుంది. శాలువా మెడదాకా లాక్కుంది.

“సీన్లెవరికి తెలుసు అన్నయ్యగారూ, రాత్రంతా ప్రెస్సులో పత్రికలు మడతపెట్టి వచ్చేదాన్ని, పట్టిన నిద్ర ఇంటర్వెల్ లైట్లకి కూడా చెదరనిది ఆ ఒక్క సినిమాలోనే!”