కండువా మార్చిన మాస్టారు

ఓటడగడానికి షెడ్డులోకొచ్చిన పెద్దాయన చీర ఉయ్యాల దగ్గర ఆగిపోయారు.

ఉయ్యాలలో ఎనిమిది నెలల మెహర్ దగ్గుతోంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మిరపకాయలకి తొడిమలు తీసే ఈ పనికి నేనొచ్చిన రోజు నుంచే," అంది నజీరా, మూతికి కట్టుకున్న గుడ్డ దించకుండానే. "ఈ ఘాటులో ఉంచితే పిల్ల దక్కదన్నాడు డాక్టరు. ఇంట్లో చూసేవాళ్ళు లేరు. మీ పుస్తకాల్లో దీనికేమన్నా రాసుందా?"

ఆయన ఉయ్యాలని ఒకసారి మెల్లగా ఊపి వెళ్ళిపోయారు.

ఆ పెద్దాయనే చెంచయ్య మాస్టారు, గుంటూరు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పినాయన. నమ్మింది వదిలేసి అధికారం పక్కన చేరినవాడు మనిషే కాదని పుస్తకం కూడా రాశారు. ఇప్పుడు ఈ వార్డులో షెడ్డు ఓనరు గారి మీదే పోటీకి దిగారు.

షెడ్డుకొచ్చి వెళ్ళిన నాలుగో రోజున నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. ఓనరు గారి పార్టీ కండువా కప్పుకుని, ఆయన వెనకే షెడ్డుకొచ్చారు.

"ఏం మాస్టారూ, మీ పుస్తకం మీరు చదువుకోలేదా?" అంది నజీరా పక్కన కూర్చునే వెంకటరావమ్మ.

షెడ్డంతా నవ్వింది.

మాస్టారికి కోపం రాలేదు. "పాప దగ్గెలా ఉందమ్మా?" అనడిగారు నజీరాని.

"మీ కండువా చూసి తగ్గింది లెండి."

ఓనరు గారు గెలిచారు. రెండు నెలలకి షెడ్డుకి దూరంగా, గాలివాటం చూసి, పిల్లలకో గది కట్టించారు. ఫ్యాను, కిటికీలకి తెరలు, చూసుకోడానికి ఒక ఆయా.

మెహర్ దగ్గు మెల్లగా పోయింది. నిద్రపోయే పిల్ల గుండెల మీద చెయ్యేసి చూసుకునే అలవాటు మాత్రం నజీరాకి పోలేదు.

ఆ ఎండాకాలంలోనే మాస్టారు పోయారు. శిష్యులు ఒక్కరూ రాలేదట. నజీరా కూడా వెళ్ళలేదు.

మెహర్ అడుగులేసిన వారం నజీరా మొక్కు ప్రకారం రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీదా చేసి, దాని మీద ఫాతెహా ప్రార్థన చదివించింది. మొదటి గిన్నె ఓనరు గారికి తీసుకెళ్ళింది.

"నా బిడ్డని బతికించారయ్యా."

ఆయన గిన్నె అందుకోలేదు.

"ఇది నాకు చెందదమ్మా. ఓట్లు చీలతాయని, తప్పుకోమని అడగడానికి మాస్టారింటికి నేనే వెళ్ళా. ఏ పదవి కావాలన్నా ఇప్పిస్తానన్నా. వద్దన్నారు. నా పక్కన నిలబడితే సొంత మనుషులే మొహాన ఉమ్మేస్తారని ఆయనకి తెలుసు."

"మరెందుకు నిలబడ్డారయ్యా?"

"షెడ్డులో పిల్లలకి ఘాటు తగలని గది కట్టిస్తానంటే నిలబడతానన్నారమ్మా."