ముల్లు తీసుకుంటున్న ఆడమనిషి

“ఆ కాళ్ళ బొమ్మ ఇయ్యండి మేడమ్. గంటలో మళ్ళా తెచ్చిస్తా.”

గోడకు మేకు కొడుతున్న నాగలత స్టూలు దిగకుండానే కిందికి చూసింది. పుల్లన్న. ఆలూరు పక్క పల్లెలో, ఆ కాళ్ళ బొమ్మలో ఉన్న గిడ్డమ్మకు మొగుడు. తను సెలవులన్నీ ఆ ఊళ్ళోనే గడిపి ఆడవాళ్ళ బొమ్మలు గీసినన్నాళ్ళూ ఒక్కనాడూ పలకరించిన పాపాన పోలేదు. అలాంటివాడు ఇవాళ కర్నూలు దాకా వచ్చి, కాలేజీ హాలు గుమ్మంలో కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఫ్రేముల వార్నిష్ వాసన పడటం లేదేమో అనుకుంది.

వెనక మెట్ల మీద ఇంకొకతను కూలబడి ఉన్నాడు.

“ఆయనెవరు?”

“ఓబన్న. మా ఊరే. ఆయప్ప పెండ్లాము, మా గిడ్డమ్మ జతగా మొన్న లారీ ఎక్కి పోయినారు, గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు.”

పెళ్ళాలు కూలికి పోగానే మొగుళ్ళకు పౌరుషం గుర్తొచ్చిందన్నమాట. నాగలత సుత్తి పక్కన పెట్టి దిగింది.

“ఎందుకు కావాలి?”

“అదీ... ఎట్ల చెప్పాల మేడమ్...”

“చెప్పొద్దులే, నాకు తెలుసు. పెళ్ళాం కాళ్ళు గోడకెక్కితే నీకు తలవంపులు. అంతేనా?”

పుల్లన్న వెనక్కి తిరిగి మెట్ల మీది ఓబన్న వైపు చూశాడు.

సాయంత్రమే ప్రదర్శన. దానికి ఆ బొమ్మే ప్రాణం. రెండు వందల ఏళ్ళ కిందట స్పెయిన్‌లో ఒక చిత్రకారుడుండేవాడు. రాజులకూ రాణులకూ బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి, చెవులు వినపడకుండా పోయాక, తన కోసం చిన్న చిన్న ఆల్బమ్‌లలో మామూలు ఆడవాళ్ళను గీసుకున్నాడు. తల దువ్వుకునేవాళ్ళు, మేజోళ్ళు సర్దుకునేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. అవి చూశాకే నాగలతకు తన జిల్లా ఆడవాళ్ళను గీయాలని బుద్ధి పుట్టింది. ఆ బొమ్మలో గిడ్డమ్మ చేని గట్టున కూర్చుని పిన్నీసుతో అరికాలిలో తుమ్మముల్లు తీసుకుంటోంది. కొంగు జారి ముఖానికి అడ్డం పడింది. పగిలిన మడమలు, ఎప్పుడో చేలో తోలే గుంటక తగిలి వంకరపోయిన చిటికెన వేలు, దాని పక్కన పాత కోత మచ్చ, ఒక్కటీ వదలకుండా గీసింది. తెచ్చిస్తానంటున్నాడు గానీ, చింపి పొయ్యిలో పెట్టడని ఏం నమ్మకం?

“అంత మోజుంటే ఇది తీసుకుపో.” నాగలత అట్టపెట్టెలోంచి ఇంకో బొమ్మ తీసింది. గిడ్డమ్మ ముఖమే, నవ్వబోతూ ఉంది. “ఇది మళ్ళీ తేనక్కర్లేదు. నీకే.”

పుల్లన్న దాన్ని చూశాడు. చూసి గోడ వైపు తిరిగాడు.

“ఇది పనికి రాదు మేడమ్.”

నాగలతకు ఒళ్ళు మండింది.

“పెళ్ళాం ముఖం పనికిరాదా? సరే, ఒకటడుగుతా. పనికి పోయిన రోజు ఆమె ఏ చీర కట్టుకుంది?”

“తెలీదు మేడమ్. నేను లేసేలోపలే పాయ.”

“ఏ రంగు గాజులేసుకుంటుంది?”

“ఏసుకుంటాది. ఏం రంగువో...”

“పోనీ, ఏ కాలి వేలు వంకరో బొమ్మ చూడకుండా చెప్పు. ఇప్పుడే దించి చేతిలో పెడతా.”

పుల్లన్న తన కాళ్ళ వేళ్ళ వైపు చూసుకున్నాడు.

“పదైదేండ్లాయ మేడమ్ పెండ్లయి,” అన్నాడు. “ఆయమ్మి కాళ్ళ దిక్కు ఎప్పుడూ సూడల్యా.”

గెలిచానన్న సంతోషం నాగలత గొంతులో దాగలేదు.

“చూడని కాళ్ళ మీద ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందయ్యా హక్కు?”

మెట్ల మీంచి ఓబన్న కేకేశాడు. “బిరీన రాప్పా. వాళ్ళు శానాసేపు ఉండరంట.”

ఊళ్ళో పెద్దమనుషులెవరినో వెంటేసుకొచ్చారనుకుంది నాగలత. ఇంక ఒక్క మెట్టు కూడా దిగేది లేదని, బొమ్మకు అడ్డంగా నిలబడి చేతులు కట్టుకుంది.

పుల్లన్న ఆమె కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆ మనిషిని అలా చూస్తే జాలేసింది. అయినా లొంగితే తను గీసిన ఆడవాళ్ళందరికీ ద్రోహం చేసినట్టేనని మనసు గట్టి చేసుకుంది.

“సూటిగా చెప్పు పుల్లన్నా. నవ్వే బొమ్మ ఊరికే ఇస్తానంటే వద్దన్నావు. ముఖమే కనపడని ఈ బొమ్మ నీకెందుకు?”

పుల్లన్న తల ఎత్తలేదు.

“ఈడ ఆసుపత్రిలో సూపిచ్చిన రెండు శవాలకూ ముగాల్లేవు మేడమ్.”